ఎవరి చేతి కల్లు

కరీమాబాద్, వరంగల్

ప్రియమైన పద్మకు,

నీ బావ రాంప్రసాద్ రాసేది. నేనూ, వరలక్ష్మి అక్కా బాగానే ఉన్నాం.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్ పట్టుకుంటే అక్షరాలు పైకి జరుగుతాయి, వాటితోపాటు నా తల కూడా జరుగుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఈగ తిరిగినట్టు మోగి నీ మాట సగమే అందుతుంది. ఆ సగం మాట విని మొన్న నీ మీద అరిచాను. కాగితం కదలదు. అందుకని అక్కను అడిగి నాలుగు కాగితాలు తీసుకున్నాను.

జ్వరం పోయి చలికాలం కూడా పోయింది. నా కాళ్ల కింద నేల మాత్రం ఇంకా నిలవలేదు. డాక్టరు చెప్పిందే చెప్తున్నాడు. జ్వరం ఎడమ చెవి నరానికి పట్టిందట. మందులతో తిరిగొచ్చేది కాదట, ఒళ్లు మళ్లీ మొదటి నుంచి నిలబడటం నేర్చుకోవాలట. దవాఖానలో కసరత్తు చేయించేది మానస మేడం అని ఒకామె. ఒంటికాలి మీద నిలబెడుతుంది. గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పమంటుంది. పడబోతే చెయ్యి పట్టుకుంటుంది. చెట్టు మీద మట్టల నడుమ కూర్చుని బీడీ కాల్చుకున్నవాణ్ని, ఇప్పుడు దవాఖాన వరండాలో ఒకామె చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను.

ఇప్పుడు కొత్తగా తలనొప్పి మొదలైంది. కసరత్తు చేసినంతసేపూ ఉండదు. ఇంటికొచ్చి కూర్చున్నాక మెడ వెనక లేచి కంటి మీదికి వస్తుంది. అక్క అయితే "మానెయ్‌రా, ఉన్న తలకాయ గూడ ఖరాబు చేసుకుంటవా" అంటోంది. మానేస్తే ఎట్లా? కాటమయ్య పండుగ వస్తోంది. మన కల్లుగీత సంఘం పద్ధతి నీకు తెలియంది కాదు. పేరు పిలిస్తే మనిషి పలకాలి. తన చెట్టు తనే ఎక్కి, లొట్టి దించి, ఆ కుండలోని కల్లు కాటమయ్యకు పొయ్యాలి. ఎక్కనివాడి చెట్లు ఎక్కేవాళ్లు పంచుకుంటారు. మా నాయన నా చేతిలో పెట్టిన ఈతచెట్లు ఒక్క పూటలో పోతాయి.

ఒకటి అడుగుతాను, దాచకుండా రాయి. మన చెట్లకు లొట్లు కట్టి ఉన్నాయని ఊరి నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. ఎవరు గీస్తున్నారు? పోశయ్య తాత మోకాళ్లు పట్టుకుపోయి సంఘం పెద్దరికం తప్ప ఇంకేం చెయ్యలేడు. పవన్ అయితే మాత్రం నాకు ఇష్టం లేదు. చెట్టెక్కే పనిలో నా తరవాతివాడు వాడే. నా చెట్ల కింద నిలబడి వాడు పైకి చూసే చూపు నాకు తెలుసు.

జవాబు తొందరగా రాయి.

నీ
రాంప్రసాద్



ప్రియమైన బావకు,

పద్మలత రాయునది. నీ ఉత్తరం అందింది. పాలంపేట పోస్టు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆధార్ కార్డు గాదు, బ్యాంకోళ్లది గాదు. ఏందమ్మా ఇది?" అన్నాడు. "మా ఆయన" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

అన్నీ రాశావు కానీ మానస మేడం వయసు రాయలేదు. పెళ్లయిందా? పట్టుకునేది కుడిచెయ్యా, ఎడమచెయ్యా? చలికాలంలో నువ్వు గోడ పట్టుకుని పెరట్లోకి పోతుంటే నేను చెయ్యి అందిస్తే ఏమన్నావో గుర్తుందా? "నేనేమన్న ముసలోన్నా, జరుగు" అని విదిలించుకున్నావు. నా చెయ్యి పనికిరాలేదు. వరంగల్‌లో వరండా పొడుగునా పట్టుకునే చెయ్యి బాగానే ఉన్నట్టుంది. నేనేమీ అనను. నీ ఒళ్లు బాగుపడితే చాలు. కానీ చదివినప్పుడు అన్నం సయించలేదు.

తలనొప్పి సంగతి అక్కకు చెప్పడం కాదు, ఆ మేడంకు చెప్పు. నువ్వు నొప్పి మింగుతావు, అడగవు.

చెట్లు బాగున్నాయి. గీత ఆగలేదు. చూసుకునేవాళ్లు చూసుకుంటున్నారు, నువ్వు ఫికరు పెట్టుకోకు. పూలమ్మ రోజూ పొద్దున్నే కల్లుకు వస్తోంది. నిన్న తాగి మూతి తుడుచుకుని, "ఏందే పద్మా, మీ ఆయన ఉన్నప్పటికన్న తియ్యగున్నది. ఎవల చెయ్యే ఇది?" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

నా రాత వంకరగా ఉంటే ఏమనుకోకు. అరచేతులు బొబ్బలెక్కి పెన్ను నిలవడం లేదు. ఈ మధ్య పని ఎక్కువైంది. మన పిల్ల భవాని హాస్టల్‌లో బాగానే చదువుకుంటోంది.

ఇట్లు
నీ పద్మ



వరంగల్

పద్మకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నేను అడిగింది అందులో కనపడలేదు. "చూసుకునేవాళ్లు" అంటే ఎవరు? పేరు లేదా వాళ్లకు? ఊరంతటికీ తెలిసినవాడు నా ఒక్కడికే తెలియకూడదా?

నా కల్లు కంటే తియ్యగా ఉందా! పూలమ్మ నోరు ఎప్పుడూ అంతే, దాన్ని నేను పట్టించుకోను. కానీ నువ్వు నవ్వి ఊరుకున్నావని రాశావు. ఎందుకు నవ్వావు? నా చెట్టు, నా లొట్టి, నా ముంగిట్లోకి దించుతున్న కల్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాడు మన వాకిట్లోకి వస్తాడు కదా. నీళ్లు ఇస్తావు. కూర్చోమంటావు. పవన్‌కు పెళ్లి కాలేదు, గుండ్రాయిలాగా ఉంటాడు. కళ్లు మూసుకున్నా ఎక్కగలడు. నేను కళ్లు తెరుచుకుని నేల మీద నడవలేకపోతున్నాను. పెరట్లోకి పోవడానికి గోడ పట్టుకున్న మొగుడూ, చెట్టు చివర నిలబడ్డవాడూ పక్కపక్కన కనపడితే ఎవరైనా ఏమనుకుంటారో నాకు తెలుసు.

మానస మేడం గురించి అడిగావు. ఆమెకు ఇద్దరు పిల్లలు. నా చెయ్యి పట్టుకున్నట్టే పక్షవాతం వచ్చిన తాత చెయ్యీ పట్టుకుంటుంది. అప్పుడు నీ చెయ్యి ఎందుకు విదిలించానంటే అది నీ చెయ్యి కాబట్టి. ఆమె నేను ఎక్కినప్పుడు చూడలేదు, పడ్డా సిగ్గు లేదు. నువ్వు చూశావు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆమె చెప్పినదానికి రెండింతలు చేస్తున్నాను. దవాఖానలో ఒకసారి, అక్క వాళ్ల డాబా మీద ఒకసారి. పండుగలోపు ఎక్కాలి, అంతే. నిన్న ఇక్కడ ఊరి చివర ఖాళీ జాగాలో ఒక పొట్టి ఈతచెట్టు కనపడితే నడుముకు మోకు తాడు కూడా లేకుండా పట్టుకుని ఎక్కాను. మనిషెత్తు పోయాను. మట్టల కోసం తలెత్తాను. చెట్టు నా చుట్టూ తిరిగింది. దాన్ని వాటేసుకుని, మోచేతులు గీరుకుంటూ దిగాను. ఇవాళ్టి దాకా తల పగిలిపోతోంది. మానస మేడంకు చెప్పక తప్పలేదు. ఆమె నా మెడ మీద చెయ్యి వేసి చూసి, "ఏందన్నా, ఇది మెడనా కట్టెనా? పడుతవని భయంతోటి తలను పిడికిట్ల పట్టుకున్నట్టు పట్టుకుంటానవ్. నొప్పి వస్తదా రాదా మరి? ఎవలితోటో కొట్లాడినట్టు కసరత్తు చేస్తానవ్. ఇంట్ల కొట్లాట ఇంట్ల పెట్టిరా" అన్నది.

ఎవరితోనో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

వాడి పేరు రాయి. రాయకపోతే వాడే అనుకుంటాను.

రాంప్రసాద్



బావకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. రాయకుండా ఉండటానికీ మనసు రాలేదు. ఈసారికి ఇట్లాగే పోనీ.

పేరు అడిగావు. రాస్తున్నాను. పద్మలత.

నీ చెట్లు నేనే గీస్తున్నాను. పవన్ మన వాకిలి తొక్కలేదు. తొక్కుతానని మాత్రం అన్నాడు. నువ్వు వరంగల్ పోయిన తరవాత వచ్చి, "వదినా, అన్న ఇగ ఎక్కడు గని, చెట్లు నాకియ్యి, సగం నీకిస్త" అన్నాడు. మీ అన్న ఎక్కుతాడని చెప్పి పంపించాను. పంపించాక గుమ్మంలో కూర్చున్నాను. మాట అయితే అన్నాను, గీత పెట్టిన చెట్టును వదిలేస్తే ఎండిపోతుంది కదా. మరునాడు నీ మోకు తీసుకుని పొలం గట్టున ఉన్న పొట్టి చెట్టు దగ్గరికి పోయాను.

పెళ్లయినప్పటి నుంచి నీకు అన్నం తెచ్చి ఆ చెట్ల కిందే కూర్చున్నాను. కాలు ఎక్కడ పెడతావో, మోకు ఎప్పుడు పైకి విసురుతావో చూడక ఇంకేం చూశాను? అయినా మొదటి రోజు ముళ్లు గుచ్చుకుని చేతులంతా రక్తం. పోశయ్య తాత కర్ర పట్టుకుని వచ్చి కింద నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నాను. "నడుము చెట్టుకు ఆనియ్యకు బిడ్డా, ఎనకకు వాలు. మోకును నమ్ము" అన్నాడు. అంతే. రోజూ వచ్చి నిలబడుతున్నాడు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు నేల మీద నిలబడలేక ఏడుస్తున్న రోజుల్లో నేను చెట్టెక్కుతున్నానని ఏ నోటితో చెప్పను? పవన్ ఎక్కుతున్నాడంటేనే నీకు ఇంత కండ్లమంట. వాడు బయటివాడు, వాణ్ని తిట్టుకుంటే సరిపోతుంది. నన్ను ఏం చేస్తావు?

నవ్వి ఎందుకు ఊరుకున్నావని అడిగావు. తియ్యగా ఉందంటే సంతోషమేసి నవ్వాను. నా పని బాగుందని నాతో ఎవరైనా అనడం అదే మొదలు.

మోకు లేకుండా చెట్టెక్కావట. ఇంకోసారి ఎక్కితే నేను వరంగల్ వచ్చి నీ మానస మేడం ముందరే తిడతాను.

పండుగ నాడు నువ్వు రాలేకపోతే ఇంటివాళ్లు ఎక్కినా చెల్లుతుందని తాత అంటున్నాడు. ఇంతవరకు ఆడవాళ్లు ఎక్కలేదు కాబట్టి ఒప్పుకునేది లేదని పవన్ వాళ్లు అంటున్నారు. నీ మాట ఉంటే నాకు బలం. వద్దంటే రాయి, ఎక్కను. ఏమీ రాయకపోతే, నీ పేరు పిలిచినప్పుడు నేను పలుకుతాను.

పద్మ



వరంగల్

ప్రియమైన పద్మకు,

జవాబు కోసం చూసి ఉంటావు. రాయడానికి రోజూ కూర్చున్నాను. ఎక్కు అని రాయలేకపోయాను. వద్దు అని రాసి రెండుసార్లు చింపేశాను. చివరికి రాయడం మానేసి, పండుగ నాడు బస్సెక్కి వచ్చాను.

అవును, వచ్చాను. ఆపడానికే వచ్చాను. నా పేరు పిలిస్తే నేనే పలికి, నేనే ఎక్కుదామని. పడితే నా చెట్టు మీంచే పడతాను కదా అనుకున్నాను. బస్సు కుదుపులకు దిగేసరికి లోకమంతా తిరుగుతోంది. కల్వర్టు మీద కూర్చుని, నేల ఆగాక నడిచి వచ్చి, డప్పులవాళ్ల ట్రాక్టరు వెనక నిలబడ్డాను. అందరూ నీ వైపు, తాత వైపే చూస్తున్నారు. నన్ను ఎవరూ చూడలేదు.

పోశయ్య తాత "రాంప్రసాద్" అని పిలిచాడు. మాట పళ్ల దాకా వచ్చింది. నువ్వు లేచి, "ఆయన వంతుకు నేనున్న తాతా" అన్నావు. పవన్ "చీర కొంగు మోకుల చిక్కుతది వదినా, ఎందుకొచ్చిన గోస, నేనెక్కుతా తియ్" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు "కొంగు నేను దోపుకున్న తమ్మీ, నువ్వు నోరు మూసుకో" అన్నావు. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. ఈసారి వాణ్ని చూసి.

నువ్వు ఎక్కావు.

పవన్ మీద నాకు ఉన్న కండ్లమంట ఒక లెక్కలోది కాదని అప్పుడు తెలిసింది. వాడు ఎక్కితే వాడి వయసు ఎక్కింది అనుకునేవాణ్ని. నువ్వు ఎక్కితే నా కాళ్లు నాకు పనికిరావని చెట్టే చెప్పినట్టయింది. సగం పైన నీ కాలు ఒకసారి జారింది. నాకు సంతోషమైంది పద్మా. రాయకూడదు కానీ అయింది. కన్ను మూసి తెరిచేంతలో అది పోయి, "వెనక్కు వాలు, వెనక్కు" అని నాలో నేనే మొత్తుకుంటున్నాను. నువ్వు వాలావు. లొట్టి దించుకుని దిగి కాటమయ్యకు పోశావు. తాత నా వంతు చెట్లన్నీ నీ పేరున చదివాడు. పవన్ తల దించుకున్నాడు. నేను ముందుకు వస్తే అందరూ నా చుట్టూ మూగి నా తల సంగతి అడిగేవాళ్లు. నీది కావలసిన పూటను నాది చేసుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంకో కారణం కూడా ఉంది. నీ మొహం చూస్తే నా మొహంలో ఉన్నది నీకు కనపడేది.

మీరంతా బంతికి కూర్చున్నాక గట్టు వైపు పోయి పొట్టి చెట్లు చూశాను. నీ గీత లోతుగా పోయింది, అంచులు నలిగాయి. చెట్టుకు అంత గాయం అక్కర్లేదు. తప్పు నీ చేతిది కాదు. నువ్వు వాడుతున్నది నా కత్తి. దాని బరువు నా మణికట్టుకు సరిపోయిన బరువు. దాన్ని నువ్వు ఆపలేక లోపలికి దింపుతున్నావు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను.

రెండు రోజులు తలనొప్పితో పడుకున్నాను. మానస మేడం కసరత్తు సగానికి తగ్గించింది. మెడ వదిలేసి, ఊపిరి బిగబట్టకుండా చేయమంది. అట్లా చేస్తే నొప్పి వస్తోంది కానీ కంటి దాకా రావడం లేదు. నడకకు ఢోకా లేదంది. చెట్టు సంగతి అడిగాను. "అది మాత్రం నేను చెప్పలేనన్నా" అంది. ఆమె మొహం చూస్తే ఎక్కలేవు అని చెప్పినట్టే ఉంది.

కండ్లమంట పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. నువ్వు ఎక్కే రోజుల్లో చెట్ల వైపు రాకుండా ఉంటానేమో. లేక కింద నిలబడి తప్పులు పడతానేమో. ఏది చేసినా భరించు.

ఇక్కడి కమ్మరి దగ్గర చిన్న కత్తి ఒకటి చెప్పాను. పిడి సన్నంగా, నీ పిడికిట్లో ఇమిడేటట్టు. అది తయారు కాగానే తీసుకుని వస్తాను. నా కత్తి మాత్రం తుడిచి, నూనె రాసి, దూలానికి పెట్టు. దాన్ని ఇంకొకరు పట్టుకుంటే నాకు అన్నం సయించదు. ఆ ఇంకొకరు నువ్వయినా సరే.

నీ
రాంప్రసాద్