గరాజులో పోసిన పిల్లి మట్టి

మెర్ల్,

ముందు గరాజు తలుపు మూసెయ్. నీ ట్రక్కు కింద పోసిన పిల్లి మట్టంతా ఊడ్చి, మూతున్న పాత బకెట్‌లోకి ఎత్తు. తూములో పారబొయ్యకు. శనివారం కౌంటీవాళ్ళు విషపు చెత్త తీసుకునే చోటికి నువ్వే మోసుకెళ్ళు. నేల సబ్బునీళ్ళతో కడిగి, ఆ తడిని కూడా రంపపు పొట్టుతో అద్ది బకెట్‌లోనే వెయ్యి.

నేను డాటీని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. "మట్టి పోశాగా అక్కా, అదే పీల్చుకుంటుంది, ఊరికే కంగారు పడతావు" అన్నావు. పీల్చుకుంది నాయనా. కానీ పుట్టినప్పటినుంచీ ఆ మట్టిలోనే దొడ్డికి కూర్చునే పిల్లికి, అది ఇంజను చల్లబరిచే కూలెంట్ కారితే పోశావని ఎవరు చెప్పాలి? వెళ్ళి కూర్చుంది, వచ్చి పాదాలు నాక్కుంది. ఇప్పుడు తాగినదానిలా తూలుతోంది. తియ్యగా ఉండే విషమని డబ్బా మీదే ఉంది. కూడబలుక్కుని నేనే చదివాను, నీకేం రోగం?

ఇకమీదట ఆయిల్ ఒలికినా, ఇంకేం ఒలికినా రంపపు పొట్టే పొయ్యి. షెడ్డులో బస్తాడు ఉంది.

ఫ్రిజ్‌లో నిన్నటి హాట్‌డిష్ ఉంది, వేడి చేసుకుని తిను. నా కోపం నీ మీదే, నీ కడుపు మీద కాదు.

మీ బావను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు "ఇప్పుడే వచ్చేస్తాం" అని చీటీ రాసిపెట్టి వెళ్ళాను. ఇవాళ ఆ మాట రాయను. ఫోను దగ్గరే ఉండు.

అక్క

సోఫా మీదున్న డాటీ దుప్పటి ఉతకొద్దు. తిరిగొస్తే దానికి కావాలి. రాకపోతే నాకు కావాలి.