వెనక స్టాండు వయోలా

మిన్నెసోటా రాష్ట్రం, ఎల్స్‌బీ పట్టణం, మేపుల్ వీధిలో కాపురముంటున్న వెర్నా టోర్విక్ అను నేను, డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరి ఒత్తిడీ ఎవరి బుజ్జగింపూ లేకుండా రాయిస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు మూడు రాశాను. మూడూ కోపంలో రాసినవే. ఆ మూడూ ఇందుమూలంగా రద్దు. ఇదీ కోపంలోనే రాయిస్తున్నాను గాని, ఈసారి ఆ కోపంలో ఎక్కువ వాటా నాకే దక్కుతుంది.

డాక్టరు చెప్పినదాన్ని బట్టి వచ్చే వసంతం నేను చూడను. చెవులు మాత్రం ఇప్పటికీ పాముచెవులని అందరూ అంటారు. ఎల్స్‌బీ కాలేజీ విద్యార్థుల ఆర్కెస్ట్రాను ముప్ఫై ఒక్క ఏళ్లు నడిపించాను. ఈ ఊళ్లో నా చెవికున్న పేరు చర్చి గంటకు కూడా లేదు. ఆ పేరు ఎంత నిజమో ఆరో నిబంధనలో తేలుతుంది, అంతదాకా ఎవరూ లేచి వెళ్లకూడదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత లాయరు పామెరాయ్ గారిది. నన్ను పాతిపెట్టిన వారం లోపల నా కొడుకు కర్టిస్‌నూ, కూతురు లోర్నానూ, లోర్నా కూతురు బ్రీటానూ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్క ముక్క వదలకుండా పైకి చదవాలి. ఇబ్బందికరమైన చోట గొంతు సవరించుకుని ఒక పేజీ దాటేసే అలవాటు ఆయనకుంది. ఈసారి అది కుదరదు.

1. సరస్సు ఒడ్డున ఉన్న కాబిన్, దాని పడవ, చలికాలం మంచు మీద చేపలు పట్టే గుడిసె, నా తదనంతరం కర్టిస్‌కు చెందుతాయి. అతను వాటిని తనవే అనుకుని పదిహేనేళ్లుగా వాడుకుంటున్నాడు కాబట్టి పెద్ద మార్పేమీ ఉండదు. వీటితో పాటు నా కచేరీల టేపులు నాలుగు పెట్టెలు కూడా అతనికే. కర్టిస్ నా కచేరీలకు పదకొండుసార్లు వచ్చాడు, పదకొండుసార్లూ నిద్రపోయాడు. ఒకసారి తీగలన్నీ ఊపిరంత సన్నగా పలుకుతున్న చోట గురక పెట్టాడు. ఆ గురక కూడా టేపులో ఉంది. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వినాలని నా కోరిక.

2. నా అంత్యక్రియల్లో సంగీతం ఉండకూడదు. చర్చి కింది గదిలో కాఫీ, హామ్ శాండ్‌విచ్‌లు, ఎవరైనా ఓవెన్‌లో వండి తెస్తే హాట్‌డిష్, అంతే. మా చర్చి గాయకులు నా శవం మీద పాడాలని ఎంత ముచ్చటపడుతున్నారో నాకు తెలుసు. పెట్టెలో పడుకున్నాక చెవులు వినపడవని నాకెవరూ హామీ ఇవ్వలేదు.

3. ఈ ఇల్లు అమ్మగా వచ్చినదంతా బ్రీటా కాలేజీ చదువుకు. కర్టిస్ ఇక్కడ ముఖం ముడుచుకుంటాడు, ముడుచుకోనివ్వండి. బ్రీటాకు పదహారేళ్లు. వచ్చే శరత్కాలంలో కాలేజీలకు దరఖాస్తు చెయ్యాలి. అది పురుగుల గురించి చదువుకోవాలనుకుంటుంది, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వాయించడం కూడా వదలనంటుంది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఆర్కెస్ట్రా కుర్చీలన్నీ సంగీతమే చదువుకునేవాళ్లవి. పురుగులు చదివే పిల్లకు అక్కడ టికెట్టు కొనుక్కుని వినే భాగ్యం తప్ప ఇంకేమీ దక్కదు. అన్ని చదువులూ ఒకే కప్పు కింద చెప్పే చిన్న కాలేజీలో అయితే, పొద్దున తూనీగను కోసిన పిల్ల సాయంత్రం వయోలా పట్టుకోవచ్చు. ఎవరూ వింతగా చూడరు. ఇదంతా బ్రీటా నా ప్రమేయం లేకుండానే కనుక్కుంది. అలాంటి కాలేజీలు నాలుగు ఏరుకుని, వాటి వివరాల పుస్తకాలు పట్టుకుని పోయిన థాంక్స్‌గివింగ్‌కు మా ఇంటికి వచ్చింది.

లోర్నా ఓవెన్‌లోంచి తీసిన వేడి గిన్నెను ఆ నాలుగు పుస్తకాల మీద పెట్టింది. పక్కనే గిన్నె పెట్టుకునే చెక్క ఉంది. పిల్ల బల్ల దగ్గర్నుంచి లేచిపోయాక నాతో అంది: “దానికీ నా చెయ్యే వచ్చిందమ్మా. నలుగురిలో పరువు పోకముందే మానేస్తే దానికే మంచిది.” నేను టర్కీ ముక్కలు కోస్తూ ఊరుకున్నాను. ఈ వీలునామా రాయించడానికి కారణం ఆ మాట, ఆ ఊరుకోవడం.

4. మేడమీద అల్మారాలో నల్ల పెట్టెలో ఉన్న వయోలా బ్రీటాకు. అది నేను కొన్నది, రసీదు నా పేరునే ఉంది. ప్రస్తుతం పిల్ల స్కూలు వాళ్లిచ్చిన అద్దె వయోలా వాయిస్తున్నది. దానికీ చెప్పుల పెట్టెకూ పెద్ద తేడా లేదు. అల్మారాలోది ఎవరి వయోలా అని బ్రీటా ఒకసారి అడిగితే, ఎవరో విద్యార్థి వదిలేసిందని చెప్పాను. అబద్ధం కాదు.

వయోలాతో పాటు ఒక సలహా. బ్రీటా, కచేరీ చూసి కాలేజీని ఎంచుకోవద్దు. తల్లిదండ్రులను పిలిచే శనివారం నాడు వేదిక మీద కూర్చున్నవాళ్లందరూ విద్యార్థులు కారు. నగరం నుంచి హార్న్ ఊదేవాళ్లను ఇద్దరిని, ఒబో ఊదే ఒకాయనను కిరాయికి పిలిపించి, అదే నల్లబట్టల్లో మధ్యలో కలిపేవాళ్లం. ఒబో ఆయన గడ్డం సగం నెరిసింది. అయినా ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క తండ్రి కూడా ఆయన ఏ క్లాసు చదువుతున్నాడని అడగలేదు. విని, మురిసి, సంతకాలు పెట్టి, పిల్లలను మాకు అప్పగించి వెళ్లేవాళ్లు.

నువ్వు మంగళవారం వెళ్లు. రిహార్సల్ గది తలుపులు తెరిచే ఉంటాయి. సంగీతం కాగితాలు పెట్టుకునే స్టాండు ఇద్దరికొకటి ఉంటుంది. వయోలాల వెనక స్టాండుకు వెనకాల గోడకు చేరబడి కూర్చో. ముందు కుర్చీల వాళ్లు ఎక్కడైనా బాగానే వాయిస్తారు, కాలేజీ సంగతి వెనక కుర్చీల్లో తెలుస్తుంది. ప్రయోగశాల కళ్లద్దాలు నెత్తిన మరిచిపోయి ఎవరైనా పరుగెత్తుకొస్తే, ఆ చోటు మంచిది. శ్రుతి తప్పినవాళ్లను చూసి ముందు వరుస వాళ్లు నవ్వుకుంటే కారెక్కి వచ్చెయ్యి. నడిపించే మనిషి ఎవరు తప్పారో అడగకుండానే ఒకరి వంక చూస్తే, కారు దాకా నడవకు, పరుగెత్తు.

5. నా స్నానాల గదిలో, అద్దం వెనక అరలో, కాగితం విప్పని పసుపు సబ్బు బిళ్ల ఒకటి ఉంది. కాలేజీలో చేతులు కడుక్కునే చోట ఉండే రకం. అది వెండెల్ ఆస్గార్డ్ గారికి చెందుతుంది. ఎల్స్‌బీ ఆర్కెస్ట్రా పోషకుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ప్రతి విందులోనూ లేచి, తన కాలేజీ రోజుల్లో వయోలాల వెనక స్టాండును తానే నిలబెట్టానని చెబుతాడు. దీన్ని రిజిస్టర్డ్ పోస్టులో, కింది నిబంధన నకలుతో కలిపి పంపాలి.

6. 1988 అక్టోబరులో, తల్లిదండ్రుల శనివారం. పిల్లలు చేరడం తగ్గిపోతోందనీ, ఈ సాయంత్రం వచ్చినవాళ్లకు నచ్చకపోతే ఆర్కెస్ట్రాను ఎత్తేస్తామనీ డీన్ నాకు మధ్యాహ్నమే చెప్పాడు. మాకు వయోలాలు నాలుగే. ముందు స్టాండులో ఇద్దరు, వెనక స్టాండులో ఇద్దరు. వెనక ఇద్దరిలో ఒకరు వెండెల్. ఇంకొకరు నా కూతురు లోర్నా. రెండో ఏడు చదువుతోంది, పందొమ్మిదేళ్లు. అవును బ్రీటా, మీ అమ్మ. అల్మారాలోది తన వయోలానే.

మొదటి సగంలో వెనక స్టాండు నుంచి ఒక స్వరం శ్రుతికి వెంట్రుకవాసి కిందుగా వస్తూనే ఉంది. ఎవరిదని నేను ఆలోచించలేదు. వెండెల్ ముఖంలో ఎప్పుడూ బెరుకుండదు, లోర్నా ముఖంలో ఎప్పుడూ ఉంటుంది. చెవితో వినాల్సినదాన్ని కంటితో విన్నాను. పైగా తప్పంటూ ఉంటే అది మా ఇంటిదే అయి ఉంటుందనుకోవడం నాకు అలవాటు.

విరామంలో అందరూ నిమ్మరసం తాగుతుంటే వాద్యాల పెట్టెలున్న గదిలోకి వెళ్లాను. తీగల మీద లాగే కమాను వెంట్రుకలకు రోజిన్ అనే బంక రాస్తే అవి తీగను పట్టుకుని పలికిస్తాయి. సబ్బు రాస్తే జారిపోతాయి, చెయ్యి ఎంత ఆడినా చప్పుడు రాదు. చేతకాని వాద్యకారుడి నోరు మూయించడానికి మా వృత్తిలో పాత కిటుకు ఇది. వేళాకోళానికి చెప్పుకుంటారు గాని ఎవరూ చెయ్యరు. నేను చేశాను. గోడ దగ్గరి కుళాయి మీది పసుపు సబ్బు తీసుకుని, లోర్నా కమానుకు ఈ చివరి నుంచి ఆ చివరికి రాశాను.

రెండో సగంలో, నెమ్మదిగా సాగే భాగంలో, నాలుగు వయోలాలకే వదిలిన చోటొకటి ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆ కిందిస్వరం మళ్లీ వినపడింది. ఈసారి తేటగా, నిస్సిగ్గుగా వినపడింది. అది వెండెల్‌ది. అంతదాకా లోర్నా సరైన శ్రుతిలో నిలబడి అతని తప్పును కప్పుతూ వచ్చింది. నేను ఆ కప్పును తీసేశాను. లోర్నా చెయ్యి ఆడుతూనే ఉంది, కళ్లు నా మీదే ఉన్నాయి. నేను తాళం ఆపలేదు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆర్కెస్ట్రా నిలబడింది. ఆ ఏడాది కొత్తగా తొమ్మిదిమంది పిల్లలు మా దగ్గర చేరారు.

తెర వెనక లోర్నా నా దగ్గరికి వచ్చింది. “అమ్మా, నా చెయ్యి చచ్చుబడిపోయింది. లాగుతుంటే ఏమీ పలకలేదు,” అంది. నిజం చెబితే, నా చెవి తప్పు విన్నదని ఒప్పుకోవాలి. “కొందరికి అంతేనే. స్టేజీ మీద చెయ్యి నిలవదు,” అన్నాను.

వెంట్రుకలు పాతబడ్డాయని చెప్పి ఆ సాయంత్రమే కమాను తీసుకున్నాను. సోమవారం వాద్యాలు బాగుచేసే ఎమిల్ దగ్గర కొత్తవి వేయించాను. అతను పాతవాటిని వేళ్ల మధ్య నలిపి చూసి, “వెర్నా గారూ, దీనికి సబ్బు ఎవరు పూశారండీ?” అన్నాడు. పిల్లల ఆకతాయితనం అన్నాను. ఎమిల్ నమ్మలేదు, మంచివాడు కాబట్టి మళ్లీ అడగలేదు. కొత్త వెంట్రుకలు పడిన కమానును లోర్నా ముట్టుకోలేదు. క్రిస్మస్ లోపలే కాలేజీ మానేసింది.

7. నా పడకగది బల్ల సొరుగులో రెండున్నాయి, ఒక కమాను, ఒక కవరు. రెండూ లోర్నాకు. కవరులో ఎమిల్ కోసి ఇచ్చిన పాత వెంట్రుకలున్నాయి. తడి వేలితో రుద్దితే ఇప్పటికీ జారుతాయి, నేను ఏటా చూస్తూనే ఉన్నాను. లోర్నా, నా మాట నమ్మకపోతే వాటిని నమ్ము.

వయోలా బ్రీటాది, కమాను నీది. ఒకటి లేకుండా ఇంకొకటి పలకదు. ఇంటి మీద వచ్చినది బ్రీటాకు చేరాలంటే షరతు ఒక్కటే. ఆ నాలుగు కాలేజీల మంగళవారం రిహార్సల్‌కూ దాన్ని నువ్వే తీసుకెళ్లి, దాని పక్కన గోడకు చేరబడి కూర్చోవాలి. ఏది మంచిదో నువ్వు విని చెప్పాలి. ఆ రోజు ఆ హాల్లో సరిగ్గా విన్న చెవి నీదే.

ఇరవై ఆరేళ్లుగా పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తున్నావు. ఊరంతా నోళ్లు తెరిచి నీ చేతికి అప్పగిస్తుంది. ఆ చెయ్యి వణికిందని ఒక్కరూ అనలేదు. ఆ సంగతి నాకు తెలుసు, నా పళ్లు కూడా నువ్వే శుభ్రం చేశావు. నీ చెయ్యి నిలవదన్నది నేను ఒక్కదాన్నే. నువ్వు ముప్ఫై ఏళ్లు నమ్మావు, ఇప్పుడు నీ కూతురికి నేర్పుతున్నావు. క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, నీ గుణం అదే. చచ్చాక కూడా నీ మంచితనాన్ని వాడుకోవడం నాకిష్టం లేదు.

8. ఇది రాయిస్తున్నది మా ఇంటి ముందుగదిలో. లోర్నా వంటింట్లో ఉంది, రాత్రికి సూపు కోసం క్యారెట్లు తరుగుతోంది. పామెరాయ్ గారు ఆరో నిబంధన తిరిగి చదివి వినిపిస్తూ గొంతు బాగా తగ్గించారు. కత్తి చప్పుడు ఆగింది. లోర్నా తలుపు దాకా వచ్చి, “అమ్మా, కాఫీలో పాలు పొయ్యనా?” అని అడిగింది.

పొయ్యమన్నాను.

తేదీ: 2018 డిసెంబరు 4, మంగళవారం

(సంతకం) వెర్నా టోర్విక్

సాక్షులు, ఆమె సంతకం చేస్తుండగా కళ్లారా చూసినవారు:
మెర్ల్ బ్రెక్కె, ఎడమ పక్కింటి నివాసి
ఆర్డిస్ బ్రెక్కె, ఆయన భార్య; కాఫీ ఈమెకూ వచ్చింది, సబ్బు వాసన వేసి తాగలేకపోయింది