క్రేన్ దగ్గరి కెమెరా

శీనా,

నువ్వు పోయిన రెండేళ్లకు కుప్పంలో మీ గ్రానైట్ ఫ్యాక్టరీకి కెమెరాలు వచ్చాయి. బిగించే పని నాకే పడింది. కొత్తవన్నీ ఒకే నెట్‌వర్క్ అడ్రసుతో వస్తాయి. కలిపి తగిలిస్తే ఏదీ సరిగా కనబడదు. అందుకని ఒక్కొక్కటే తగిలించి, దేని అడ్రసు దానికి ఇచ్చాను. చివరిది క్రేన్ దగ్గర, నీ మీద రాయి పడిన చోట.

ఆరోజు ఎవరూ చూడలేదన్నారు. నీదే తప్పని తేల్చారు.

"ఇవి అప్పుడే ఉండింటే బాగుండు గదప్పా. తప్పెవురిదో తెలిసిపోయుండు" అన్నాడు మేనేజరు.

"అవున్సార్" అన్నాను.

తెరమీద ఆ చోటు స్పష్టంగా ఉంది. నీ పనిలో చేరినతను రాయికి గొలుసు కట్టాడు. రాయి పైకి లేచినా అతను దాని కిందనుంచి పక్కకు జరగలేదు. నేను ఆఫీసు గదిలో కూర్చుని చూస్తున్నాను.

మీ అన్న