తల ఊపే చేప

మంగళవారం.

మానుకోట దవాఖాన నుంచి తీసుకొచ్చి మూడు రోజులైనా మా ఆవిడ సరోజన ఏమీ తినడం లేదు. ఇట్లాగే ఉంటే మళ్లీ చేర్చాలన్నారు డాక్టరు. సాయంత్రం ఇద్దరం చూస్తుంటే టీవీలో దీవుల దగ్గరి సముద్రం చూపించారు. పెద్ద నోటి చేప ఒకటి, రాతి సందులోని పాములాంటి చేప ముందు తల అడ్డంగా ఊపి వేటకు పిలిచింది. కలిసి వేటాడితే రెండింటికీ తిండి దొరుకుతుందట.

జావ గిన్నె పట్టుకొని సరోజన ముందు నేనూ తల ఊపాను.

"ఏందయ్యా, మెడ పట్టిందా?"

"వేటకు పిలుస్తున్న."

"అంటే గా పాము నేనా?"

"పెద్ద నోరు నాదే గదా."

నవ్వింది. నాలుగు చెంచాలు తాగింది. ఇంకో చెంచా పట్టబోతే తల అడ్డంగా ఊపింది. వద్దంటుందనుకున్నాను. గిన్నె నా వైపు జరిపింది.

నేనూ మూడు రోజులుగా సరిగా తినడం లేదని ఆమెకు ఎవరు చెప్పారో.