మొదట చూసినవాళ్ళు

ఫిబ్రవరి 10, సోమవారం

మిడతకు నాలుగో పన్ను వచ్చింది. పైన కుడివైపు. పిన్ని చెప్పింది. మొదటిదీ పిన్నే చెప్పింది, రెండోదీ, మూడోదీ. నేను రోజంతా కట్టుడు పళ్ళు చేసే మనిషిని. ప్లాస్టర్ అచ్చు చూశానంటే ఆ నోటి జాతకం మొత్తం చెప్పేస్తాను. నా కూతురి నోట్లో ఏముందో మాత్రం నాకు మూడో అంతస్తు వాళ్ళు చెప్పాలి.

మిడత అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. కాళ్ళు సన్నగా ఉంటాయి, ఎప్పుడు చూసినా ఎగరబోతున్నట్టే ఉంటుంది. పదకొండు నెలలు నిండాయి.

పిన్ని నాకేమీ పిన్ని కాదు, బిల్డింగ్ మొత్తానికి పిన్నే. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టి మానేసింది. ఒక్కతే ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు మా ఐదో అంతస్తు నుంచి పిల్లను దించి ఆమె చేతికిస్తాను, సాయంత్రం ఆరున్నరకు తెచ్చుకుంటాను. ఇంటికొచ్చాక గంటన్నర మేలుకుంటుంది, అందులో గంట ఏడుపు. నవ్వే పిల్ల పిన్నిది, ఏడ్చే పిల్ల నాది.

ఇవాళ లాబ్‌లో మాత్రం ఒక మంచి జరిగింది. ఒక ముసలావిడ పై పళ్ళ సెట్టు మూడోసారి తిప్పి పంపింది. ఎక్కడా గుచ్చుకోవడం లేదట, ఊడటం లేదట, కానీ అద్దంలో ఎవరో పరాయిదానిలా ఉందట. ఆమె పాత ఫోటో తెప్పించుకుని చూశాను. ముందు పళ్ళ మధ్య సందు ఉంది. మైనం కరిగించి ఆ సందు పెట్టేశాను. డాక్టర్ ఫోన్ చేసి, ఆవిడ అద్దం వదలడం లేదు అని చెప్పాడు. మా ఓనరు సందు పెట్టడం డిఫెక్ట్ కిందికి వస్తుంది అన్నాడు. రానీ.

ఫిబ్రవరి 13, గురువారం

పిన్ని నిన్నటి నుంచి అదోలా ఉంది. నిన్న సాయంత్రం పిల్ల ఏం చేసిందని అడిగితే, ఏముంది, తిన్నది పడుకున్నది అంది. మాటలేమైనా వస్తున్నాయా అంటే, ఇంకా లేదు, ఊఁ ఆఁ అంతే అంది. రోజూ పురాణమంత చెప్పే మనిషి నా ముఖం చూడకుండా చెప్పింది.

రేపు కాస్త పెందలాడే రాగలవా అని ఇవాళ అడిగింది. పన్నెండు సెట్లు డెలివరీ ఉంది, ఎలా కుదురుతుంది అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. సరేలే, పోనీ ఆదివారం ఎక్కడికీ వెళ్ళకండి, పిల్లను నేల మీద వదిలెయ్యి, అస్తమానం చంకనెత్తుకోకు అంది.

నా పిల్లను ఎత్తుకోవడానికి నేను ఎవరి పర్మిషన్ తీసుకోవాలో!

ఫిబ్రవరి 16, ఆదివారం, పగలు పదకొండు

నడిచింది! నడిచింది. నేను చూశాను.

ఈయనకు ఇవాళ డ్యూటీ లేదు. మెట్రో నడిపేవాడికి ఆదివారం సెలవు దొరకడమే అబ్బురం. పొద్దున్నే లేచి చీపురు పట్టాడు, టీపాయ్ గోడకు జరిపాడు. ఇవాళ పొద్దు ఎటు పొడిచిందో అనుకున్నాను. పిల్లను సోఫా పట్టించి నిలబెట్టి, నువ్వు అక్కడ కూర్చో అని నన్ను కిటికీ కింద కూర్చోబెట్టాడు.

కాసేపు సోఫా అంచును కొరికింది. తర్వాత నన్ను చూసింది. చెయ్యి వదిలేసింది. రెండు చేతులూ పైకెత్తి, ఒంటి మీదికి తేనెటీగలు వస్తే తోలుకుంటున్నట్టు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరో అడుగు నా ఒళ్ళో పడింది. నేను ఏడ్చాను. అది నా జుట్టు పట్టుకుని లాగింది. ఈయన వీడియో తీశాడు. చేతిలో అప్పటికే ఫోన్ ఉంది, అదృష్టం.

చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లను తీసుకుని మూడో అంతస్తుకు పరిగెత్తాను. పిన్నీ, నడిచింది అన్నాను. పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుంది. నిజంగానా, ఎన్ని అడుగులు, ఎవరి దగ్గరికి వచ్చింది అని అడిగింది. నా దగ్గరికి అన్నాను. ఇన్ని నెలల్లో పిన్నికి తెలియని సంగతి నేను చెప్పడం ఇదే మొదటిసారి. కాస్త గర్వంగా అనిపించింది. డైరీలో దాపరికం దేనికి, బాగా గర్వంగా అనిపించింది.

ఫిబ్రవరి 20, గురువారం

లాబ్‌లో అందరికీ వీడియో చూపించాను. చూసినవాళ్ళకు కూడా చూపించాను.

మార్చి 1, శనివారం

మా అత్తగారు నడక వీడియో పంపమంది. ఈయన స్నానం చేస్తున్నాడు. నా ఫోన్‌కు పంపింది మసకగా ఉందని, అసలుది ఆయన ఫోన్‌లో వెతికాను. రెండు దొరికాయి. కూతురి మీద మోజుతో ఒకటి సరిపోక రెండు తీశాడనుకున్నాను.

రెండోదాని మీద తేదీ ఫిబ్రవరి 12, బుధవారం. సాయంత్రం నాలుగూ పది.

అది మా ఇల్లు కాదు. పిన్ని ఇల్లు. మూల కుట్టు మిషన్, దాని మీద దుప్పటి. మిడత మిషన్ కాలు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా పిన్ని నేల మీద మోకాళ్ళ మీద. ఈయన ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చినట్టున్నాడు, నవ్వు మాత్రం వినిపిస్తోంది. మిడత చెయ్యి వదిలింది. నడిచింది. నడుస్తూ పిన్ని వైపు చూసి అమ్మా అంది. స్పష్టంగా. ద్విత్వం కూడా పలికింది.

పిన్ని రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. మోకాళ్ళ మీదే వెనక్కి వెనక్కి జరిగింది.

"నేను కాదు తల్లీ. అమ్మ లాబ్‌కెళ్ళింది. పొద్దుగూకాక వస్తుంది."

పిల్ల అయినా వదల్లేదు. గోడ దాకా వెంటపడింది. ఇక జరగడానికి చోటు లేక పిన్ని పట్టుకుంది. తర్వాత ఫోన్ వైపు తిరిగి అన్నది:

"మీ ఆవిడకు ఇది చూపించకు అల్లుడూ. ఆదివారం దాని కళ్ళ ముందు నడుస్తుందిలే. అప్పుడే మొదలనుకోనీ."

ఈయన సరే పిన్నీ అన్నాడు.

పదకొండు సార్లు చూశాను. అత్తగారికి ఆదివారం వీడియో పంపాను. ఎంత ముద్దుగా ఉందో, మొదటి అడుగే ఇంత బాగా వేసిందా అని రిప్లై వచ్చింది.

మార్చి 2, ఆదివారం

ఈయన నోట్లో నువ్వుగింజ నానదనుకునేదాన్ని. నానింది. పదిహేడు రోజులు నానింది.

అడిగితే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నీ సంతోషం కోసమే కదా అన్నాడు. నువ్వు బాధపడతావని పిన్ని అంది, నాకూ నిజమే అనిపించింది అన్నాడు. మరి నీకు బాధ లేదా అంటే, నేను చూశాను కదా అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

వాళ్ళిద్దరూ కూడబలుక్కుని నాకో ఆదివారం తయారు చేసి ఇచ్చారు. ఊడ్చి, టీపాయ్ జరిపి, కిటికీ కింద కూర్చోబెట్టి. నేను చేసే పళ్ళలాంటిదే. చూడ్డానికి అచ్చం అసలులాగే ఉంటుంది.

నన్ను ఇంకా అమ్మా అనలేదు.

మార్చి 3, సోమవారం

పిన్నికి వీడియో సంగతి చెప్పలేదు. లాబ్ పక్కనే క్రెష్ తెరిచారు, మధ్యాహ్నం నేను వెళ్ళి చూసుకోవచ్చు, వచ్చే సోమవారం నుంచి అక్కడ వేస్తున్నాను, ఈ వారం నేనే లీవ్ పెట్టాను అని చెప్పాను. గుమ్మంలో నిలబడే చెప్పాను.

పిన్ని నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని అడిగింది. లేదన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళి పిల్ల సామాను సర్దింది. సీసా, దుప్పటి, ఆరు గౌన్లు. ఇంటికొచ్చి గౌన్లు అలమరలో పెడుతూ చూశాను. ప్రతిదానికీ పక్క కుట్లు విప్పి, వదులు చేసి, మళ్ళీ కుట్టి ఉంది. ఆరు నెలల నాటి గౌన్లు ఇంకా పడుతున్నాయే, పిల్ల ఒళ్ళు చేయడం లేదేమోనని నేను డాక్టర్‌ను కూడా అడిగాను.

తెలిసింది కదా, వెళ్ళి ఒక మంచి మాట చెప్పి రావచ్చు. వెళ్ళలేదు. నాకు తెలియకుండా ఆమె చేసినవి ఇంకెన్ని ఉన్నాయో అని ఒళ్ళు మండింది.

మార్చి 10, సోమవారం

క్రెష్‌లో మొదటి రోజు. యాప్ ఇచ్చారు. మధ్యాహ్నం రెండింటికి మెసేజ్: "ఈ రోజు మీ చిన్నారి కనుగొన్న ఆనందం: నీటి చప్పుడు." పక్కన ఫోటో.

ఫోటోలో ఉన్నది మా పిల్ల కాదు.

మార్చి 19, బుధవారం

నడక మానేసింది. మళ్ళీ పాకుతోంది. క్రెష్ మేడమ్ కొత్త చోట అలాగే ఉంటారు అంది. డాక్టర్ కూడా అదే అన్నాడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నట్టున్నారు.

మధ్యాహ్నం వెళ్ళి చూసుకోవచ్చన్నాను కదా, వెళ్ళాను. అద్దం బయట నిలబడి చూశాను. లోపలికి వస్తే పిల్లలు ఏడుస్తారు, బయటి నుంచే చూడండి అన్నారు. పన్నెండు మంది చాపల మీద ఉన్నారు. మిడత గోడవైపు తిరిగి కూర్చుంది. వీపు చూసి వచ్చాను.

ఇవాళ్టి ఆనందం రంగు బంతులట.

ఏప్రిల్ 5, శనివారం

పిల్లకు నాలుగు రోజులు జ్వరం తగిలి తగ్గింది. రెండు కిలోలు తీసేసినట్టుంది. ఇవాళ దాన్ని ఈయనకిచ్చి ఒక్కదాన్నే పిన్ని దగ్గరికి వెళ్ళాను.

మిషన్ మీది దుప్పటి తీసేసి ఉంది. మళ్ళీ కాజాలు ఒప్పుకుందట, చొక్కాలు ఇంటికే పంపుతారట. నన్ను కూర్చోమంది. పిల్ల ఎలా ఉందని అడగలేదు. అడుగుతుందనుకుని నేను జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను.

వీడియో చూశానని చెప్పాను. ఆమె సూది ఆపింది. దాచడం తప్పే అంది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు చాలామంది పిల్లల ముచ్చట్లు ఇంకొకళ్ళ నోట విని బాత్రూముల్లో ఏడవడం చూశాను, నువ్వలా ఏడవకూడదనుకున్నాను, అంతే అంది. నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

సోమవారం నుంచి మళ్ళీ తీసుకొస్తాను అన్నాను. క్షమించమనే మాట నోటి దాకా వచ్చి, తీసుకొస్తాననే మాటగా బయటపడింది. ఎప్పుడూ అంతే నేను.

పిన్ని చాలాసేపు చొక్కా మడతలు సరిచేసింది.

"వద్దమ్మా. అది అమ్మా అని మీదికొస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాను చూశావు కదా. మళ్ళీ పెట్టుకోవడం నా వల్ల కాదు."

పెట్టుకోవద్దు పిన్నీ అనాలి నేను. పిలిస్తే పిలవనీ, ఎత్తుకో అనాలి. ఆ మాట రాలేదు. నేను అంటానేమోనని ఆమె కాసేపు చూసినట్టే ఉంది. తర్వాత మిషన్ తొక్కింది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈయన తను వెళ్ళి పిన్నితో మాట్లాడతానన్నాడు. వద్దన్నాను. మీరిద్దరూ మాట్లాడుకున్నది చాలు అన్నాను.

మే 12, సోమవారం

పొద్దున ఎనిమిదింటికి చెప్పులు తొడుగుతుంటే మిడత అమ్మా అంది.

వెనక్కి తిరిగి చూశాను, గుమ్మంలో ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. నన్నే.

లాబ్‌లో ఎవరికీ చెప్పలేదు.

జూన్ 20, శుక్రవారం

సాయంత్రం కింద లిఫ్ట్‌లో పిన్ని ఉంది. చేతిలో చొక్కాల మూట. మిడతను చూసి మూట కింద పెట్టింది. మిడత ఆమెను గుర్తుపట్టలేదు. నా మెడ చుట్టూ చేతులు వేసి ముఖం దాచుకుంది, కొత్తవాళ్ళను చూస్తే చేసినట్టే.

నాకు సంతోషమేసింది. ఒక్క క్షణమే, కానీ వేసింది.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. పిన్ని దిగలేదు. పిల్ల వీపు చూస్తూ నిలబడిపోయింది. మీ అంతస్తు వచ్చిందని నేనూ చెప్పలేదు. తలుపు మూసుకుంది. ముగ్గురం ఐదో అంతస్తుకు వచ్చాం.