కదలని కాపరి

ప్రియమైన మాజీ దొరవారికి, ప్రస్తుత పాస్టరు గారికి, ఏ ప్రభుత్వం మారినా మారని మా నాన్నకి,

తమరి ఏకైక సంతానం, జలాశయం గేట్ల గదిలో జూనియర్ ఇంజనీరుగా వెలగబెడుతున్న వసపిట్ట చేతులు కట్టుకుని విన్నవించుకునేది ఏమనగా: గాలివానకి మీ వైపు ఫోను టవరు కూలిందట. కనుక ఈ విన్నపం పాల వ్యాను డ్రైవరు చొక్కా జేబులో ప్రయాణం చేసి వస్తోంది. చెమట వాసనకి నా బాధ్యత లేదు.

ఇక నవ్వులాట చాలు. జలాశయం కట్ట నెర్రె విచ్చింది. మట్టి తడిసి జారుతోంది. మా పెద్ద ఇంజనీరు నిన్నటి నుంచీ కంచం ముందు కూర్చుంటున్నాడు గానీ ముద్ద ఎత్తట్లేదు. ఆదివారం పొద్దున గేట్లు ఎత్తాలి. ఎత్తకపోతే కట్ట తెగి ఊరంతా పోతుంది. ఎత్తితే ఏటి ఒడ్డునున్న మీ కింది వీధి ఒక్కటే పోతుంది. ఆ పూట డ్యూటీ నాది. మీట నొక్కే వేలూ నాదే.

జనాన్ని తీసుకెళ్ళడానికి లారీలు వస్తాయి. జిల్లాలు ఏలి రిటైరైన పెద్దమనిషి హాయిగా పేపరు చదువుకోక, పాత సరుకుల గోదాములో వాక్యం చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వండి, నేనేమైనా అన్నానా? ఫైలు లేని చోట కూడా ఆయనకి పై అధికారి ఒకరు ఉండాల్సిందేనని పక్కింటి పిన్ని అంటే కూడా మిమ్మల్నే వెనకేసుకొచ్చాను. మొదటి లారీ మాత్రం ఎక్కండి.

ఇట్లు,
విధేయత ఒక్కటి తప్ప అన్నీ ఉన్న
మీ వసపిట్ట

---

చిరంజీవి వసపిట్టకి, ప్రభువు నామంలో నాన్న ఆశీర్వదించి రాసేది.

లారీలు వచ్చాయి. ఖాళీగా వెళ్ళాయి.

పోయినసారీ, అంతకు ముందూ వరదన్నారు. చుక్క నీళ్ళు రాలేదు. వీధివాళ్ళు తిరిగొచ్చేసరికి దొంగలు పడి ఇళ్ళలో చెంబులు కూడా మిగల్లేదు. అందుకని ఇప్పుడెవరూ గుమ్మం దిగరు. గడప గడపకీ వెళ్ళి బతిమాలాను. మర్యాదగా టీ ఇచ్చి పంపించారు.

ఉద్యోగంలో ఉండగా వరదొస్తే గుట్ట మీది బంగళాలో కూర్చుని జీపులు తోలించేవాణ్ణి. నా బూటుకి బురదంటేది కాదు. ఇప్పుడలా కుదరదమ్మా. మంద నీళ్ళలో ఉంటే కాపరి గట్టున ఉండకూడదు. వాళ్ళు కదిలేదాకా నేనూ కదలను. గోదాము గుమ్మంలో కుర్చీ వేసుకుని అందరికీ కనబడేలా కూర్చున్నాను.

ఒక సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోకు. ఎదురింటి వడ్రంగి నిన్న మూటలు కడుతూ నన్ను చూసి ఆగాడు. ఇంట్లోవాళ్ళతో, "దొరగారు కుర్చీలోంచి లేవలేదంటే మనకేం కాదు, మూటలు విప్పండి" అన్నాడు. నా మీద జనానికి ఇంత నమ్మకం ఉండగలదని ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎరగను. కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

నాకోసం ప్రార్థన చెయ్యి. చేతకాకపోతే వేళకి అన్నమైనా తిను.

మీ నాన్న

---

నాన్నా,

బిరుదులు రాసే తీరిక లేదు. డ్రైవరు ఇంజను ఆపకుండా నిలబడ్డాడు.

వడ్రంగి మాట మళ్ళీ చదువు. అది నీ భక్తి మీద నమ్మకం కాదు, నీ భయం మీద నమ్మకం. సంతకం పెట్టే ముందు పెన్ను మూతని కూడా అనుమానంగా చూసిన మనిషివి నువ్వు. ఆ సంగతి వీధిలో తెలియనిదెవరికి? అంతటి జాగ్రత్తపరుడే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే నీళ్ళు రావనేగా అర్థం? కట్టిన మూట నిన్ను చూశాకే విప్పారు.

తోడుంటున్నానని నువ్వనుకుంటున్నావు. వాళ్ళందరినీ నీ కుర్చీ కాలికి కట్టేస్తున్నావు.

పారిపో నాన్నా. రేపు పట్టపగలు, వీధంతా చూస్తుండగా. పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తు. ఎవరినీ పిలవకు. పిలిస్తే అదీ ప్రసంగమే అనుకుంటారు. వెనక్కి తిరిగి చూడకు.

తిడతారు. మళ్ళీ వాళ్ళ ముందు నిలబడి నోరు విప్పలేవేమో. అమ్మ పోయాక నిన్ను మనిషిని చేసింది ఆ గోదామేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నా.

వసపిట్ట

---

నాన్నా,

నువ్వెక్కడున్నావో తెలియకుండా రాస్తున్నా.

నిన్న వంతెన మీంచి డ్రైవరు చూశాట్ట. ముసలాయన పెట్టె ఎత్తుకుని, చెప్పు జారిపోయినా ఆగకుండా పరిగెత్తాడనీ, వెనక ఎవరో రాళ్ళు విసిరారనీ చెప్పాడు. ఆయన వెంట ఎవరైనా బయల్దేరారా అంటే, అంతలో పోలీసులు వంతెన మూసి తనని తరిమేశారన్నాడు.

వీధి ఖాళీ అయిందని కబురొచ్చేదాకా ఆగుదామని ఈ పొద్దున నేను మొండికేశాను. పెద్ద ఇంజనీరు కిటికీలోంచి కట్ట చూపించాడు. నెర్రె మనిషి పట్టేంత వెడల్పయింది.

నొక్కాను.

ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. నాకు వేళాకోళమేమీ తోచట్లేదు. ఒక్క ముక్క రాయి. తిట్టయినా ఫర్వాలేదు.

నీ కూతురు

---

నా తల్లీ,

అందరూ ఉన్నారు. ముందు ఈ ముక్క రాసి తరవాత మిగతాది రాస్తున్నాను. ఒక్క ప్రాణం కూడా పోలేదు. నీ వేలు ఏ తప్పూ చెయ్యలేదు.

భయపడినట్టు నటించాలేమో అనుకున్నాను. మలుపు తిరిగేసరికే ఆ శ్రమ తప్పింది, నిజంగానే భయం పట్టుకుంది. సంఘంలో పాట ఎత్తే పాటలక్క అడ్డమొచ్చి ఎక్కడికి పాస్టరు గారూ అని అడిగింది. ఆమెని పక్కకి నెట్టి పోయాను. వడ్రంగి విసిరిన రాయి భుజానికి తగిలింది.

"చూశారా, దొర మళ్ళీ దొరే అయ్యాడు" అని అరిచాడు. తరవాత కాసేపు ఏమీ వినబడలేదు. ఆ కాసేపు నేనెలా పరిగెత్తానో దేవుడికే తెలియాలి. అప్పుడు అతని గొంతే మళ్ళీ వినబడింది. "ఒరే, ఈయనే పరిగెడుతున్నాడంటే నిజమేరా. పిల్లల్ని ఎత్తుకోండి."

పొద్దు వాలేలోగా వీధి మొత్తం గుట్ట మీది బడికి చేరింది. గోదాము పునాదుల దాకా కొట్టుకుపోయింది.

ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడరు. పూటపూటకీ వడ్రంగి నా ముందు కంచం పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోతాడు. వేరే పాస్టరు కావాలని కబురు పంపారట. ఉన్నమాట చెప్పెయ్యమంటావు, నాకు తెలుసు. చెప్పను. చెబితే మళ్ళీ వరదొచ్చిన రోజున నేను పరిగెత్తినా నాటకమనుకుంటారు. ఉన్న ఒక్క పిరికివాణ్ణి వాళ్ళకి లేకుండా చెయ్యలేను.

నిన్న బడి వరండాలో ఆరాధన జరిగింది. నేను ఆఖరి వరసలో, గోడకి ఆనుకుని కూర్చున్నాను. పాటలక్క ప్రార్థన చేసింది. చివర్లో, "మందని వదిలి పారిపోయినవాణ్ణి కూడా క్షమించు ప్రభువా" అంది.

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

మీ నాన్న