బాగున్నరా తర్వాత ఖాళీ

శుక్రవారం, రాత్రి

మా విత్తనాల ఆఫీసు కొత్త ఆటోమేటిక్ ఫోన్‌లో రికార్డై వినిపించేది మా ఆపరేటర్ షాహీన్ గొంతు. "నమస్తే, బాగున్నరా? విత్తనాలకు ఒకటి, మందులకు రెండు ఒత్తుండ్రి."

ఇవాళ పెగడపల్లి నుంచి ఒక పెద్దామె అలిగి ఆఫీసుకే వచ్చి షాహీన్‌ను నిలదీసింది. "బాగున్నరా అని అడిగితివి, నేను జెప్పేది ఇనకనే పెట్టేస్తివేంది బిడ్డా?"

ఆ మాట తీసేద్దామన్నాను. షాహీన్ ఒప్పుకోలేదు.

"అడిగినంక ఇనాలె గద సార్!"

మళ్లీ రికార్డు చేసి, 'బాగున్నరా' తర్వాత కాసేపు ఆగింది. ఎవరూ ఏదీ నొక్కకపోతే తన టేబుల్ మీది ఫోన్ మోగేలా నాతోనే పెట్టించింది. ఎంత మనసు ఈ పిల్లకు! సిస్టమంతా సెట్ చేసిన నాకు ఇది తట్టనేలేదు.

ఇంటికొచ్చాక, పనిచేస్తోందో లేదోనని ఆఫీసుకు ఫోన్ చేశాను.

"బాగున్నరా?" అని ఆగింది.

"బాగున్నానమ్మా" అన్నాను, అది రికార్డింగేనని తెలిసినా.